పేరు లేని పాతిక శాతం

1852లో ఇంగ్లండులోని కీత్లీ అనే ఊళ్ళో వ్యవసాయ ప్రదర్శన జరిగింది. యార్క్‌షైర్ ప్రాంతంలో ఉన్ని మిల్లుల ఊరది. తెల్లపందుల పోటీలో ఉన్నవి రెండే తరగతులు: పెద్దవి, చిన్నవి. జోసెఫ్ ట్యూలీ అనే నేతగాడు తన పందుల్ని తోలుకొచ్చాడు. పెద్దవాటి వరసలో నిలబెడితే అవి అంత పెద్దవి కావు. చిన్నవాటి వరసకి తగినంత చిన్నవీ కావు. నిబంధన ప్రకారం పోటీలోంచి తప్పించాలి. కానీ అక్కడున్నవాటిలో అవే మేలైనవని చూసినవాళ్ళందరికీ తెలుస్తోంది. వాటిని తీసేస్తే మిగిలినవాటికి అసలు బహుమతే ఇవ్వమని న్యాయనిర్ణేతలు మొండికేశారు. అప్పటికప్పుడు ఒక కమిటీ కూర్చుంది. మూడో తరగతి ఒకటి పెట్టి, దానికి 'మిడిల్ బ్రీడ్' అని పేరు పెట్టింది. మిడిల్ వైట్ అనే పంది జాతి ఈరోజుకీ ఉంది. అది పుట్టింది దొడ్లో అయినా, 'జాతి' అయింది మాత్రం ఆ కమిటీ మీటింగులోనే.

పందుల సంకరం చరిత్ర చదువుతున్నప్పుడు నాకు బాగా పట్టుకున్న సంగతి ఇది. సంకరం ముందు, జాతి తర్వాత. మనం సాధారణంగా తలకిందులుగా ఊహించుకుంటాం: మొదట శుద్ధమైన జాతులు ఉంటాయి, తర్వాత ఎవరో వాటిని కలిపి కల్తీ చేస్తారు అని.

తెలుగులో 'సంకరం' అన్న మాటకి రెండు బతుకులున్నాయి. పశువుల ఆసుపత్రి గోడ మీద 'సంకరజాతి ఆవులు' అని రాసుంటే అది అభివృద్ధి. సంకరజాతి వరి, సంకరజాతి పత్తి, అన్నీ గౌరవమైన మాటలే. అదే మాటని మనిషి మీదకి తిప్పితే తిట్టు. భగవద్గీత మొదటి అధ్యాయంలో విల్లు కింద పెట్టబోయే అర్జునుడిని వేధించే భయాల్లో వర్ణసంకరం ఒకటి. పశువుల దగ్గర పథకం, మనుషుల దగ్గర పాపం. ఈ మాట వెనక ఉన్న తతంగాన్ని చూడ్డానికి పంది మంచి జంతువు. ఎందుకంటే దాని దగ్గర ఎవరికీ మొహమాటం లేదు. ఆవుకున్న పవిత్రత, గుర్రానికున్న వంశగౌరవం దానికి లేవు. పెంచేవాళ్ళు రెండే లెక్కలు చూసుకున్నారు: ఎంత తొందరగా ఎదుగుతుంది, ఈతకి ఎన్ని పిల్లల్ని పెడుతుంది.

అడవి పోయింది, తొందర వచ్చింది

పాతకాలపు ఇంగ్లండు పంది మనం బొమ్మల పుస్తకాల్లో చూసే గులాబీరంగు బొద్దు జంతువు కాదు. పొడుగు కాళ్ళు, పొడుచుకొచ్చిన వెన్ను, కళ్ళ మీదకి వేలాడే చెవులు. ఆకురాలే కాలంలో అడవిలోకి తోలితే రాలిన ఓక్ కాయలు తిని బలిసేది. 1086లో విలియం రాజు రాయించిన డోమ్స్‌డే లెక్కల పుస్తకంలో చాలా ఊళ్ళ అడవిని 'ఇన్ని పందులకి సరిపోయేంత' అని కొలిచారు. ఆ పంది పూర్తిగా ఎదగడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టేది. అడవి ఉన్నన్నాళ్ళు ఆ ఆలస్యం ఎవరికీ బరువు కాలేదు. తిండి ఖర్చు లేదు కదా.

18వ శతాబ్దానికి అడవులు తరిగిపోయాయి. ఊరుమ్మడి భూములకి కంచెలు పడ్డాయి. పల్లెల్లోంచి జనం మిల్లుల ఊళ్ళకి చేరారు. పంది కూడా అడవి వదిలి దొడ్లోకి వచ్చింది. దొడ్లో ఉన్న పందికి రోజూ ఏదో ఒకటి పెట్టాలి: వంటింటి కుడితి, పాల కేంద్రాల్లో మిగిలిన విరుగుడు నీళ్ళు, సారా బట్టీల పిప్పి. పెట్టిన ప్రతి బకెట్‌కీ లెక్క ఉంటుంది. రెండేళ్ళు మేపడం అంటే ఇప్పుడు నష్టం.

తొందరగా ఎదిగే పంది అప్పటికే భూమికి అవతలి వైపు ఉంది. చైనాలో పంది వేల ఏళ్ళుగా ఇంటిని అంటిపెట్టుకునే బతికింది. చైనా లిపిలో 'ఇల్లు' అనే అక్షరం, ఒక కప్పు, దానికింద ఒక పంది. హాన్ రాజుల కాలం నాటి సమాధుల్లో దొరికిన మట్టిబొమ్మల్లో మరుగుదొడ్డి, దాన్ని ఆనుకుని పందుల దొడ్డి కలిసి కనిపిస్తాయి. వ్యర్థం పందికి, పంది ఎరువు పొలానికి. అలాంటి చోట పెరిగిన పందికి పొట్టి కాళ్ళు, జారిన పొట్ట, సాధు స్వభావం. చిన్న వయసులోనే ఎదకి వచ్చేది, త్వరగా కొవ్వు పట్టేది, చాలా చోట్ల ఈతకి ఎక్కువ పిల్లల్నీ పెట్టేది. కాంటన్ రేవు నుంచి తేయాకు, పింగాణీ తెచ్చే ఓడల్లో ఈ పందులు కూడా ఇంగ్లండులో దిగాయి. ఇటలీలోని నేపుల్స్ నుంచి వచ్చిన నల్ల పందులు ఇంకో దారి. వాటిలోనూ అప్పటికే ఆసియా రక్తం ఉంది.

పొడుగు కాళ్ళ ఇంగ్లండు ఆడపందికి పొట్టి కాళ్ళ చైనా మగపందిని కలిపారు. తర్వాత ఆ కూతుళ్ళని మళ్ళీ అటో ఇటో కలిపారు. కావలసిన కలయిక దొరికేదాకా ఒక్కో జిల్లాలో ఒక్కోలా, ఒక్కో దొడ్లో ఒక్కోలా చేశారు. ఇందులో భూస్వాములు ఉన్నారు, ట్యూలీ లాంటి నేతగాళ్ళూ ఉన్నారు. భూస్వాముల ప్రయోగాలు వ్యవసాయ పత్రికల్లోకి ఎక్కాయి. మగ్గం పక్కన ఒకట్రెండు పందుల్ని పెంచుకున్నవాళ్ళ ప్రయోగాలు చాలావరకు పందుల్లోనే మిగిలాయి.

డార్విన్ 1868లో పెంపుడు జంతువుల మార్పుల మీద రెండు పెద్ద సంపుటాలు అచ్చేశాడు. పందుల దగ్గరికి వచ్చేసరికి అతనికి దారి చూపించింది నాతూసియుస్ అనే జర్మన్ పండితుడు. ఈయన పంది పుర్రెలు కొలిచాడు. ప్రపంచంలోని పందుల్ని రెండు గుంపులుగా విడదీయొచ్చనీ, మెరుగుపడ్డాయని చెప్పుకునే ఇంగ్లండు జాతుల పుర్రెల్లో ఆసియా గుంపు గుర్తులు స్పష్టంగా ఉన్నాయనీ తేల్చాడు. అంటే ఇంగ్లండు తన పందుల్ని చూసి ఛాతీ విరుచుకుంటున్న రోజుల్లోనే ఈ సంగతి అచ్చులో ఉంది. ఎవరూ దాచలేదు. మర్చిపోయారంతే.

ఏడు తరాల లెక్క

సంకరానికి ఎదురుగా ఇంకో పద్ధతి కూడా ఆ కాలంలోనే నడిచింది. లీస్టర్‌షైర్‌కి చెందిన రాబర్ట్ బేక్‌వెల్ గొర్రెల్లో, పశువుల్లో దగ్గరి చుట్టరికాల మధ్యే కలయికలు జరిపి కోరుకున్న లక్షణాల్ని 'స్థిరం' చేశాడు. తండ్రికి కూతుర్ని, అన్నకి చెల్లిని కట్టడం. ఆకారం ఒక్కలా వస్తుంది, ధర బాగా పలుకుతుంది. మరి దీన్ని ఎంతదూరం లాగొచ్చు?

డార్విన్ తన పుస్తకంలో రైట్ అనే పెంపకందారు అనుభవం రాశాడు. ఆయన ఒకే మగపందిని దాని కూతురుతో, మనవరాలితో, మునిమనవరాలితో అలా ఏడు తరాల దాకా కలుపుతూ పోయాడు. చాలా పిల్లలకి సంతానమే కలగలేదు. కొన్నిటికి పుట్టినా ఎక్కువ బతకలేదు. బతికినవాటిలో కొన్నిటికి పాలు తాగాలన్న తెలివి కూడా లేదు, తిన్నగా నడవలేకపోయాయి. ఆ వరసలో చివరగా పుట్టిన రెండు ఆడపందుల్ని బయటి మగపందుల దగ్గరికి పంపిస్తే మాత్రం అవి ఆరోగ్యమైన పిల్లల్ని పెట్టాయి, అది కూడా ఒక్క ఈత కాదు, చాలా ఈతలు. ఏడు తరాలుగా పేరుకున్నదాన్ని ఒక్క పరాయి సంబంధం సర్దేసింది.

ఇది రాస్తున్న డార్విన్‌కి సంగతి పందులతో ఆగిపోలేదు. ఆయన పెళ్ళాడింది సొంత మేనమామ కూతురు ఎమ్మాని. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. 1871 జనాభా లెక్కల్లో దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళ గురించి ఒక ప్రశ్న చేర్చాలని మిత్రుడు జాన్ లబ్బాక్ ద్వారా పార్లమెంటులో అడిగించాడు. సభ ఒప్పుకోలేదు. మేనరికం మాట వినగానే మన ఇళ్ళల్లో నాయనమ్మలకీ డాక్టర్లకీ మధ్య జరిగే వాదన గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు. ఆస్తి బయటికి పోకూడదు, పిల్ల పరాయింటికి పోకూడదు అన్న మన తర్కానికీ, మంద 'శుద్ధంగా' ఉండాలన్న పశువుల ఆసామి తర్కానికీ పెద్ద దూరం లేదు. రెండుచోట్లా ఖర్చు రాసేది వచ్చే తరం ఖాతాలో.

1884: లాగ్ మొదలైన రోజు

1884లో బ్రిటన్‌లో పందుల పెంపకందారుల జాతీయ సంఘం ఏర్పడింది. వంశావళి పుస్తకాలు మొదలయ్యాయి. లార్జ్ వైట్ అనే పేరుతో, తల్లెవరు తండ్రెవరు అన్న వివరంతో పందులు నమోదయ్యాయి. అప్పట్నుంచి లార్జ్ వైట్ అంటే తల్లీతండ్రీ ఇద్దరూ ఆ పుస్తకంలో ఉన్న పంది. పుస్తకం ఉంది కాబట్టి జాతి శుద్ధం.

మా పనిలో దీనికి సరిగ్గా సరిపోయే అలవాటు ఒకటుంది. ఒక ఫీచర్ మీద నెలల తరబడి పదిమంది చేసిన చిన్నచిన్న మార్పులన్నిటినీ చివర్లో ఒక్క కమిట్‌గా నొక్కేస్తాం. 'స్క్వాష్' అంటాం. చూడ్డానికి చరిత్ర శుభ్రంగా ఉంటుంది. ఎవరు ఏం రాశారు, ఏ పొరపాటు ఎవరు దిద్దారు అన్నది కనబడదు. 1884 పుస్తకం చేసింది అదే. కాంటన్ ఓడలు, నేపుల్స్ పందులు, కీత్లీ నేతగాళ్ళు, నూరేళ్ళ కలగాపులగం, అంతా కలిసి ఒక్క పేరైంది: లార్జ్ వైట్. దాని అన్నదమ్ముల్లో చిన్నదైన స్మాల్ వైట్, ప్రదర్శనల్లో అందరూ ముద్దుచేసిన బొద్దుపంది, 20వ శతాబ్దం మొదట్లోనే కనుమరుగైపోయింది. అందానికి పెంచిన పంది సంతకి పనికిరాలేదు.

లార్జ్ వైట్ మాత్రం ప్రపంచం మీద పడింది. దాన్ని ముందుగా తెలివిగా వాడుకున్నది డెన్మార్క్. 1887లో జర్మనీ రోగాల భయంతో డెన్మార్క్ నుంచి బతికున్న పందుల దిగుమతి ఆపేసింది. ఉన్న ఒక్క పెద్ద కొనుగోలుదారు పోయాడు. మిగిలింది ఇంగ్లండు. ఇంగ్లండు వాడికి కావలసింది బతికున్న పంది కాదు, అల్పాహారంలోకి కొవ్వు తక్కువున్న ఉప్పు మాంసం ముక్క. అదే ఏడాది హోర్సెన్స్ పట్టణంలో రైతులు తమ సొంత సహకార కబేళా పెట్టుకున్నారు. ఇంగ్లండు నుంచి లార్జ్ వైట్ మగపందుల్ని తెచ్చి ఊరి ఆడపందులకి కట్టారు. పొడుగాటి వీపు, తక్కువ కొవ్వు ఉన్న పంది వచ్చింది. ఊరి తల్లుల వైపు నుంచి లాండ్‌రేస్ అనే జాతిని తీర్చిదిద్దారు. ఆ పేరుకి అర్థం 'నేలజాతి', మన మాటలో 'నాటు'.

డెన్మార్క్ వాళ్ళ అసలు ప్రతిభ కలపడంలో కంటే కొలవడంలో ఉంది. 1907 నుంచి పరీక్షా కేంద్రాలు నడిపారు. ఒక్కో ఈత నుంచి నాలుగు పిల్లల్ని తెచ్చి, ఒకే దాణా పెట్టి, ఎన్నాళ్ళకి ఎంత బరువొచ్చింది, కిలో పెరగడానికి ఎంత తిన్నది, వీపు మీద కొవ్వు మందం ఎంత అని రాసుకున్నారు. పంది అందాన్ని కాకుండా దాని పిల్లల లెక్కని బట్టి తల్లిదండ్రుల్ని ఎంచుకున్నారు. ఆ లాండ్‌రేస్‌ని దేశం దాటనివ్వకుండా దాచుకున్నారు కూడా. 1934లో అమెరికా ప్రభుత్వానికి కొన్నిటిని ఇచ్చినప్పుడు, శుద్ధ జాతిగా పెంచి రైతులకి అమ్మకూడదన్న ఒప్పందం పెట్టారు. సంకరానికి వాడుకోవచ్చు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో విన్టర్స్ అనే శాస్త్రవేత్త వాటిని టామ్‌వర్త్ అనే ఎర్రపందితో కలిపి 'మిన్నెసోటా నంబర్ వన్' అనే కొత్త జాతి తయారుచేశాడు. ముప్పై ఏళ్ళు దాటకుండానే కొత్త 'జాతి'కి పేరూ పుస్తకమూ రెండూ రావడం ఇంకోసారి జరిగిందన్నమాట.

ఎదుగుదల ఒక దారి, ఈత ఇంకో దారి

సంకరం ఎందుకు పనిచేస్తుంది అన్నది కొంచెం నిదానంగా చూడాలి. ఎందుకంటే రెండు లెక్కలు రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి.

ఎదుగుదల విషయంలో ఒక పందికీ ఇంకో పందికీ కనిపించే తేడాలో దాదాపు మూడో వంతు తల్లిదండ్రుల నుంచి నేరుగా సంక్రమిస్తుంది. వీపు కొవ్వు విషయంలో ఇంకా ఎక్కువ. కాబట్టి బాగా ఎదిగిన వాటినే ఎంచుకుంటూ పోతే తరతరానికీ మంద మెరుగవుతుంది. డెన్మార్క్ పరీక్షా కేంద్రాల విజయ రహస్యం ఇదే. ఈతకి ఎన్ని పిల్లలు అన్న దగ్గర ఈ ఉపాయం చతికిలబడుతుంది. అక్కడ సంక్రమించే వాటా పదో వంతు మాత్రమే. పన్నెండు పిల్లల్ని పెట్టిన తల్లి కూతురు ఎనిమిదే పెట్టొచ్చు. మేత, ఎండ, జబ్బు, ఎదకొచ్చిన రోజు, ఇవన్నీ కలిసి తల్లి ఇచ్చిన వాటాని కప్పేస్తాయి.

విచిత్రం ఏమిటంటే, ఎంపికకి లొంగని ఈ లక్షణాలే సంకరానికి బాగా లొంగుతాయి. మూసేసిన మందలో ప్రతి పందికీ లోపమున్న జీన్ రెండు కాపీలూ ఒకేలా దొరికే అవకాశం పెరుగుతూ పోతుంది. వేరే వంశంతో కలిపితే రెండో కాపీ వేరే చోటు నుంచి వస్తుంది. ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి నిలబెట్టినట్టు, ఒక కాపీ పనిచేయకపోయినా రెండోది ఆదుకుంటుంది. గర్భంలో నిలిచే పిండాలు, పుట్టాక బతికే పిల్లలు, తల్లి పాలు, ఎక్కడ బతుకు సున్నితంగా ఉంటుందో అక్కడే దీని ప్రభావం ఎక్కువ. రైట్ గారి చివరి రెండు ఆడపందులు చూపించింది దీన్నే. మొక్కజొన్న మీద పనిచేసిన జార్జ్ షల్ 1914లో దీనికి హెటిరోసిస్ అని పేరు పెట్టాడు.

దీన్నుంచే ఇవాళ్టి పందుల పరిశ్రమ సూత్రం పుట్టింది. లాండ్‌రేస్‌కీ లార్జ్ వైట్‌కీ పుట్టిన ఆడపంది తల్లి. అది సంకరం కాబట్టి మంచి ఈత పెడుతుంది, పిల్లల్ని బాగా సాకుతుంది. దానికి డ్యూరాక్ లాంటి మూడో జాతి మగపందిని కడతారు. పుట్టిన పిల్లలు తొందరగా ఎదుగుతాయి, అన్నీ కోతకి వెళ్తాయి. మూడు నెలల మూడు వారాల మూడు రోజుల గర్భం, మళ్ళీ మొదలు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ సంకర తల్లి పిల్లల్ని అవే దాచుకుని, వాటిలో వాటినే కలుపుకుంటూ పోతే తర్వాతి తరంలో ఆ ఊపు సగం జారిపోతుంది. మళ్ళీ కొత్త తల్లుల్ని కొనుక్కోవాలి. హైబ్రిడ్ విత్తనం కొన్న ఏ పత్తి రైతుకైనా ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. విత్తనం ఎవరి చేతిలో ఉంటే వ్యవసాయం వాళ్ళ చేతిలో. 1962లో కొందరు ఇంగ్లండు రైతులు కలిసి పిగ్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ పెట్టారు. ఇప్పుడది ఖండాలు దాటిన వ్యాపారం. ఒకప్పుడు నేతగాడి పెరట్లో జరిగిన కలయిక ఇప్పుడు కంపెనీ ఆస్తి.

లెక్కల్లో ఒక్కటే చూసుకుంటూ పోతే ఏమవుతుందో కూడా డెన్మార్కే చూపిస్తోంది. అక్కడి ఆధునిక ఆడపంది ఈతకి సగటున 17 పైగా బతికున్న పిల్లల్ని పెడుతోంది. దానికుండే చన్నులు సాధారణంగా పద్నాలుగు, పదహారు. మిగిలిన పిల్లల్ని వేరే తల్లి దగ్గరికి మార్చాలి, లేదా డబ్బా పాలు పట్టాలి. సంఖ్య పెరిగేకొద్దీ చిన్నగా, బలహీనంగా పుట్టేవీ, పుట్టిన రోజుల్లోనే పోయేవీ ఎక్కువవుతాయి. రికార్డు పెరుగుతుంది, తల్లి మాత్రం అదే తల్లి.

మళ్ళీ చైనా గడప తొక్కి

యూరప్ జాతుల్లో ఈత సంఖ్య ఎంతకీ పెరగడం లేదని తేలిన రోజుల్లో శాస్త్రవేత్తలు మళ్ళీ చైనా వైపు చూశారు. షాంఘై దగ్గరి తాయ్ సరస్సు చుట్టుపక్కల ఊళ్ళలో మెయిషాన్ అనే పంది ఉంది. నల్లటి ఒళ్ళు, ముడతల మొహం, చేటల్లాంటి చెవులు. ఎదుగుదల నెమ్మది, కొవ్వు బాగా ఎక్కువ. ప్రదర్శనలో నిలబెడితే ఎవరూ బహుమతి ఇవ్వరు. కానీ మూడు నెలల వయసుకే ఎదకొస్తుంది, ఈతకి పద్నాలుగు, పదహారు పిల్లల్ని పెడుతుంది. ఫ్రాన్స్ 1979లో, అమెరికా 1989లో వీటిని తెప్పించుకున్నాయి. వీటిని కలిపి తల్లుల వరసలు తయారుచేశారు. ఈతలోని పిల్లల సంఖ్యకి సంబంధించిన జీన్‌ల వేట కూడా వీటితోనే ఊపందుకుంది.

తర్వాత డీఎన్ఏ చదవడం వచ్చింది. నాతూసియుస్ పుర్రెల్లో చూసినదాన్ని జీన్‌లు బయటపెట్టాయి. 2003లో, పందిలో కండ పెంచే ఐజీఎఫ్2 అనే జీన్ దగ్గర ఒక్క అక్షరం మార్పు దొరికింది. తండ్రి నుంచి వచ్చిన కాపీ మాత్రమే పనిచేసే జీన్ అది. ఆ మార్పు కూర్చున్న వరస ఆసియా పందులదని తేలింది. 2014లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు మరీ స్పష్టంగా చూపించారు. యూరప్ వాణిజ్య జాతుల జీనోమ్ నిండా ఆసియా ముక్కలు పరుచుకుని ఉన్నాయి. అందులో ఏహెచ్ఆర్ అనే జీన్‌లోని ఆసియా రూపానికి ఈతలో పిల్లల సంఖ్య పెరగడంతో సంబంధం ఉంది. 19వ శతాబ్దపు రైతులకి జీన్ అన్న మాట తెలియదు. ఎక్కువ పిల్లల్ని పెట్టిన తల్లి కూతుర్ని అట్టే పెట్టుకున్నారంతే. ఆ ఎంపిక ముద్ర ఇంకా చెదరలేదు.

ఆసియా, యూరప్ అడవిపందులు విడిపోయి దాదాపు పది లక్షల ఏళ్ళు. ఆ రెంటినీ మనుషులు విడివిడిగా మచ్చిక చేసుకున్నారు. ఓడలు కలిపాయి. 1884 పుస్తకం ఆ కలయికకి తెల్లరంగూ ఇంగ్లీషు పేరూ ఇచ్చింది.

తిరుపతికి తిరిగొచ్చిన పంది

ఆ ఇంగ్లీషు పేరుతోనే అది మన దగ్గరికి వచ్చింది. మన పశువైద్యుల పుస్తకాల్లో దాని పేరు లార్జ్ వైట్ యార్క్‌షైర్. స్వాతంత్ర్యం వచ్చాక పంచవర్ష ప్రణాళికల్లో పందుల అభివృద్ధి ఒక అంశమైంది. కృష్ణా జిల్లా గన్నవరంలో పందుల క్షేత్రం, బేకన్ ఫ్యాక్టరీ వెలిశాయి. 1970-71లో కేంద్రం పందుల మీద అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మొదలుపెట్టినప్పుడు తొలి నాలుగు కేంద్రాల్లో తిరుపతి ఒకటి. వరాహమూర్తి క్షేత్రమని చెప్పుకునే కొండ కింద వరాహాల మీద పరిశోధన. దేవుడైతే వరాహం, దొడ్లో ఉంటే పంది. తెలుగు భాషకి ఈ ఏర్పాటు మామూలే.

మొదట్లో విదేశీ పందుల్ని యథాతథంగా పెంచి చూశారు. తర్వాత మన నాటు పందితో కలిపారు. నాటు ఆడపంది ఈతకి అయిదారు పిల్లల్ని పెడుతుంది. ఎదుగుదల నెమ్మది. కానీ మండుటెండకి ఓర్చుకుంటుంది, దొరికింది తిని బతుకుతుంది, మందులూ మాకులూ అడగదు. యార్క్‌షైర్ పంది దాణా పెడితే దూసుకుపోతుంది, ఎండకి మాత్రం తట్టుకోలేదు. ఈ రెంటి మధ్య నిష్పత్తి వెతికి వెతికి తిరుపతి వాళ్ళు ఒక రకాన్ని స్థిరపరిచారు. దాని పేరు ఎస్‌వీవీయూ టీ-17. 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్, 25 శాతం దేశవాళీ. కేరళలోని మన్నుత్తి వైట్‌దీ ఇదే నిష్పత్తి. గువాహటి దగ్గరి జాతీయ పందుల పరిశోధన కేంద్రం హాంప్‌షైర్‌ని బెంగాల్ ఘుంగ్రూతో కలిపి 'రాణి'ని తయారుచేసింది.

టీ-17 ముందు కాసేపు ఆగుదాం. అందులో ముప్పాతిక భాగానికి పేరుంది, ఊరుంది, 1884 నుంచి వంశావళి ఉంది. పావు భాగానికి ఉన్నది ఒక విశేషణం: దేశవాళీ. ఏ దేశం? ఏ ఊరు? ఎవరి దొడ్డి? కాగితం చెప్పదు. 'విదేశీ' అన్న ముప్పాతికలో చైనా పల్లెల వాటా ఉంది. 'దేశవాళీ' అన్న పావు కూడా ఆసియా అడవిపంది శాఖదే. రెండొందల ఏళ్ళ కింద విడిపోయి, ఇంగ్లండులో పేరు మార్చుకుని, మంచి బట్టలేసుకుని వచ్చిన చుట్టం తిరుపతిలో పేరు లేని చుట్టాన్ని కలిసింది. కాగితాల్లో దాన్ని విదేశీ విదేశీ అనే రాసుకున్నాం.

ఆ పావు భాగాన్ని ఎవరు కాపాడారు? తెలుగు నేల మీద పందుల్ని పెంచినవాళ్ళలో ఎక్కువమంది ఎరుకలవాళ్ళు. గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మినవాళ్ళు, బుట్టలు అల్లినవాళ్ళు. ఏ ఆడపంది కూతుర్ని ఉంచుకోవాలి, ఏ పిల్లని అమ్మాలి అన్నది వాళ్ళకి తెలుసు. కీత్లీ నేతగాడికి తెలిసినట్టే. ట్యూలీ కోసం ఒక కమిటీ కూర్చుని కొత్త తరగతి తెరిచింది. ఎరుకలవాళ్ళ కోసం కూడా ప్రభుత్వం ఒక తరగతి తెరిచింది, వేరే రకంది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. పుట్టుకతోనే నేరస్థులని పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు పిలిచారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్‌గా పుట్టింది. రైళ్ళూ ఉప్పు విధానమూ వీళ్ళ వర్తకాన్ని ఎలా దెబ్బతీశాయో, బతుకుతెరువు పోయినవాళ్ళమీద నేరస్థుల ముద్ర ఎలా పడిందో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన 'డిజానర్డ్ బై హిస్టరీ'లో వివరంగా రాశారు. చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు మీద ముద్ర ఇంకా పూర్తిగా పోలేదు.

దాదాపు ఒకే కాలంలో, ఒకే సామ్రాజ్యంలో రెండు రిజిస్టర్లు నడిచాయి. ఒకదాంట్లో పందులు పుట్టుకతో శ్రేష్ఠమైనవి. ఇంకోదాంట్లో పందుల్ని పెంచే మనుషులు పుట్టుకతో నేరస్థులు. రెంటికీ ఆధారం ఒకటే నమ్మకం: రక్తం అన్నీ చెబుతుంది. పందుల విషయంలో ఆ రిజిస్టరు అసలు సంకరాన్ని దాచిపెట్టింది. మనుషుల విషయంలో లాక్కున్న బతుకుతెరువుని దాచిపెట్టింది.

ఇప్పుడు ఆ పావు భాగమే కరిగిపోతోంది. 2012 పశుగణనలో దేశంలో పందులు కోటి మూడు లక్షలు. 2019కి అవి తొంభై లక్షల ఆరవై వేలకి పడ్డాయి. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. పట్నాల్లో పంది అంటే మున్సిపాలిటీ వ్యాన్ ఎక్కించి ఊరవతల వదలాల్సిన సమస్య. దాన్ని పెంచుకుని బతికే కుటుంబం ఉందన్న సంగతి వార్తలో చివరి లైనులో ఉంటుంది, ఉంటే.

సంకరాన్ని తిట్టడానికో, నాటుపందికి పూజ చేయడానికో ఇదంతా చెప్పడం లేదు. టీ-17 మంచి ప్రయత్నం. ఈతకి రెండు పిల్లలు ఎక్కువ పుట్టి బతికితే ఒక పేద ఇంటికి ఏడాది ఫీజులు వెళ్తాయి. కానీ కలపాలంటే రెండు వైపులా ఉండాలి. ప్రపంచం పందుల చరిత్రలో రెండుసార్లు, ఓడల కాలంలో ఒకసారి, 1979లో ఇంకోసారి, మెరుగైన జాతులు గోడకి తగిలి నిలబడిపోయాయి. రెండుసార్లూ దారి చూపించింది ఏదో పల్లెలో, ఎవరూ లెక్కపెట్టని మనుషులు పెంచిన ముడతల మొహం పందే. చైనా వాళ్ళకి మెయిషాన్ అన్న పేరైనా మిగిలింది. వెతుక్కుంటూ వచ్చినవాడికి ఫలానా సరస్సు పక్క ఊళ్ళు అని చూపించగలిగారు.

రేపు ఏ కొత్త జబ్బుకో, ఏ కొత్త ఎండకో తట్టుకునే పంది కోసం ఎవరైనా మన వైపు వస్తే ఏమని చెప్తాం? దేశవాళీ అంటే సరిపోదు. ఏ ఊళ్ళో ఎలాంటి పంది ఉంది, ఈతకి ఎన్ని పెడుతుంది, ఏం తింటుంది, దాన్ని పెంచే ఇల్లు ఎవరిది అన్నది పెంచేవాళ్ళనే అడిగి, వాళ్ళ పేర్లతో సహా రాసుకోవాలి. వేలిముద్రలు తీసుకోవడానికి ఒకప్పుడు ఆ గుడిసెల దాకా వెళ్ళిన ప్రభుత్వానికి దారి తెలియనిది కాదు.